కాలువగట్టు మీద ఆగిన కారవాన్

బండి షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజే ఛాయాదేవి దాన్ని క్రేనుతో లాగించి చూడాలంది.

ఆమె భర్త జయకృష్ణ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. "కొత్త బండిని లాగించడమేంటి ఛాయా? ఎవరైనా వింటే నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీండి. నడిరోడ్డు మీద ఆగిపోయాక నేర్చుకుందామంటే కుదరదుగా," అందామె.

నిజంగానే ఆటోనగర్‌లో ఆ వీధి వీధంతా నవ్వింది. బస్సు ఛాసీ మీద కట్టించిన ఇల్లు అది. లోపల మంచం, చిన్న వంటగట్టు, బాత్రూము, వెనకవైపు రెండు రెక్కల వెడల్పాటి తలుపు. సినిమావాళ్ళ కారవాన్ల హంగులు లేవుగానీ, పొడవులో మాత్రం వాటికేమీ తీసిపోదు. అంత బండికి నిమ్మకాయలు తొక్కించకముందే క్రేను పిలిపించిన మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదు.

అసలు ఆ బండి పుట్టిందే అత్తగారు కనకలక్ష్మి కోసం. ఆవిడ ఒకప్పుడు కోలాటానికి పాట కట్టి పాడిందంటే దివిసీమ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. పటమటలో ఇంటినుంచి కారెక్కిస్తే దగ్గర్లోని బెంజ్ సర్కిల్ దాటకముందే ముఖమంతా చెమటలు పట్టేవి. "వెనక్కి తిప్పండర్రా" అనేది. తిప్పాక కిటికీలోంచి బయటికి చూస్తూ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ మౌనం ఛాయాదేవి తట్టుకోలేకపోయింది. పడుకుని వెళ్ళగలిగే బండి కావాలంది. అంబులెన్సు పేరెత్తితేనే ఆవిడకు కోపం. "నేనేం ఆస్పత్రికి పోతున్నానా? ఊరికి పోతున్నా," అనేది.

కంకిపాడులో ఎరువుల కొట్టు కొడుకు సిద్ధార్థ చేతికొచ్చాక ఛాయాదేవికి తీరిక దొరికింది. లారీలు ఆమెకు కొత్త కాదు, ఇన్నేళ్ళూ కొట్టు ముందు లోడు దింపించింది ఆమే. డ్రైవర్ని పెడదామని భర్త అంటే, "డ్రైవరు రాని రోజున అత్తయ్య ఆగిపోవాలా?" అని తనే నేర్చుకుని హెవీ లైసెన్సు తెచ్చుకుంది. ఆ తర్వాత ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "ఇంత బండి దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలండీ?"

బీమావాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి, "ఎంత పెద్ద బండైనా లాగుతాం మేడమ్," అంది. బరువెంత, పొడవెంత అని మాత్రం అడగలేదు. అక్కడే ఛాయాదేవికి నమ్మకం పోయింది.

ఆటోనగర్‌లో వాకబు చేస్తే అందరూ చెప్పిన పేరు తెరేసమ్మ. భర్త పోయాక క్రేను అమ్మేయమని బంధువులంతా చెప్పినా వినకుండా తనే స్టీరింగు పట్టింది. చీర మీద ఖాకీ చొక్కా, ముడేసిన తెల్లజుట్టు. వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు గార్డు మీద వేళ్ళతో కొట్టి చూసింది.

"ఇన్నేళ్ళుగా ఆగిపోయిన బళ్ళ దగ్గరికే వెళ్తున్నానండీ. ఆగకముందు పిలిచింది మీరొక్కరే," అంది. "మంచిపని చేశారు. ఇదంతా ఫైబరు. దీనికి గొలుసేసి లాగామంటే మూతి ఊడి నా చేతికొస్తుంది."

ఆ వారంలోనే ఛాసీకి బోల్టులు బిగించి ఇనుప హుక్కు పెట్టించారు. ఆ హుక్కుకి క్రేను తగిలించి ముందు చక్రాలు పైకి లేపేసరికి మరో సంగతి బయటపడింది. వెనక చక్రాల తర్వాత బాడీ చాలా బారుగా ఉంది. ముందు ఎక్కువ లేపితే వెనక భాగం నేలకి రాసుకుంటుంది. ఎంతవరకు లేపొచ్చో ఇద్దరాడవాళ్ళూ వంగి చూసి తేల్చుకున్నారు. ఇంజన్ నుంచి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదియ్యకుండా లాగితే గేర్‌బాక్సు కాలిపోతుందని కూడా తెరేసమ్మే చెప్పింది.

"అది నేనే ఊడదీస్తాను, చూపించండి," అని ఛాయాదేవి బండి కిందికి దూరింది. జయకృష్ణ తల పట్టుకున్నాడు. మొదటిసారి బోల్టు కదల్లేదు. రెండోసారి స్పానరు జారి మణికట్టు దోక్కుపోయింది. మూడోసారికి షాఫ్ట్ చేతిలోకి వచ్చింది. ముఖాన గ్రీజుతో బయటికి వచ్చి నవ్వింది.

మంచం సంగతి మిగిలింది. లాగుతున్న బండిలో మనిషి ఉండకూడదు. మరి అత్తయ్యో? అందుకని మంచాన్ని నేలకి బిగించకుండా, నాలుగు పక్కలా పిడులు పెట్టించి, వెనక తలుపులోంచి మనిషితో సహా బయటికి వచ్చేలా చేయించింది. ఇంటి ముందు రెండుసార్లు కనకలక్ష్మిని అలా దింపి చూశారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తుంటే ఆవిడ చెయ్యూపింది.

మాఘమాసంలో కబురొచ్చింది. కనకలక్ష్మి చెల్లెలు సుబ్బరత్నం ఉయ్యూరు అవతల, కాలువ పక్క పల్లెటూళ్ళో ఉంటుంది. ఆవిడ ఊళ్ళో ఆడపిల్లలకి కోలాటం నేర్పింది. ఆదివారం సాయంత్రం మొదటి ఆట. "పాట నువ్వే పాడాలక్కా. వేరేవాళ్ళ పాటకి నా పిల్లలు కర్ర కలపరు," అంది ఫోన్లో.

"గొంతు సన్నబడిందే రత్నం."

"మైకు పెట్టిస్తాలే. నువ్వు రా, చాలు."

ఆదివారం పొద్దున్నే టిఫిన్లు అయ్యాక బయల్దేరారు. కంకిపాడు దాటేవరకూ కనకలక్ష్మి కిటికీ పక్కన పడుకుని దారంతా పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చింది. ఎక్కడ ఏ తోట ఉండేదో, ఎవరింట్లో భోజనం పెట్టారో. ఉయ్యూరులో చెరుకు ఫ్యాక్టరీ దగ్గర తీపి వాసన లోపలికి కొట్టింది. గానుగ సీజను. చెరుకు నింపిన ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాటిని దాటుకుని లోపలి రోడ్డుకి తిరిగారు. ఎడమపక్క కాలువ, కుడిపక్క చెరుకుతోటలు. ఎదురుగా ట్రాక్టరొస్తే ఇద్దరూ నెమ్మదిగా తప్పుకోవాల్సిందే.

అలా ఒక ట్రాక్టరుకి దారిచ్చి మళ్ళీ గేరు వేసి కదిలేసరికి కాలిన వాసన వచ్చింది. ఇంజన్ హోరుమంటోంది, బండి మాత్రం ముందుకు పోవట్లేదు. ఛాయాదేవికి అర్థమైంది. క్లచ్ పోయింది. ఉన్న వేగంతోనే బండిని ఎడమ అంచు దాకా రానిచ్చి, చక్రాలన్నీ తారు మీదే ఉండగా బ్రేకు వేసింది.

చేతులు వాటి పని అవే చేసుకుపోయాయి. హెచ్చరిక లైట్లు వేసింది. గ్యాసు కట్టేసింది. చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టింది. తనొక మెరిసే కోటు వేసుకుని రెండోది భర్తకిచ్చి, ఎర్ర త్రికోణం బోర్డులు వెనక దూరంగా ఒకటి, ముందు ఒకటి పెట్టించింది. తెరేసమ్మకి ఫోన్ చేసి, "క్లచ్ పోయిందండీ. ఉయ్యూరు దాటాక కాలువగట్టు రోడ్డు. బరువు మీకు తెలుసు, హుక్కు మీకు తెలుసు," అంది.

"బయల్దేరాను. రోడ్డు పక్క మట్టి మార్జిన్లోకి మాత్రం దించకండి," అంది తెరేసమ్మ.

బీమావాళ్ళకీ చెప్పింది. ఈసారి బరువూ పొడవూ అడగకపోయినా తనే రెండుసార్లు చెప్పింది.

ఈలోపు వెనక ట్రాక్టర్లు ఆగిపోయాయి. ముందూ ఆగిపోయాయి. హారన్లు, కేకలు. "రోడ్డుకి అడ్డంగా పెట్టారేంటండీ? కిందికి దింపండి!" అని అరుచుకుంటూ వచ్చాడు ఒక కుర్ర రైతు. ఫ్యాక్టరీలో చెరుకు దింపి, ట్రాక్టరు వెనక ఖాళీ ట్రక్కుతో ఊరికి పోతున్నాడు. పేరు సాత్విక్ అని తర్వాత తెలిసింది. అతని వెనక ఇంకో పదిమంది. "తలా ఒక చెయ్యి వేసి తోసేద్దాం, మార్జిన్లోకి పోతుంది," అన్నారెవరో.

జయకృష్ణ కూడా దగ్గరికొచ్చి, "పోనీ కొంచెం దించుదామా ఛాయా? అందరూ తిడుతున్నారు," అన్నాడు.

"తిట్టనీండి. దించితే కాలవలోకి పోతుంది."

"ఎందుకు పోద్దండీ? మా ట్రాక్టర్లు రోజూ దింపుతాం," అన్నాడు సాత్విక్.

ఛాయాదేవి వాదించలేదు. జాకీ తిప్పే ఇనుప కడ్డీ తీసుకెళ్ళి మార్జిన్లో గుచ్చింది. నిన్నే చేలకి నీళ్ళు పెట్టారు, గట్టు లోపల నానిపోయి ఉంది. గారెపిండిలో వేలు దిగినట్టు కడ్డీ సగానికి పైగా దిగిపోయింది. పైకి లాగితే చివరన నల్లటి బురద.

"మీ ట్రాక్టరు ఎంత బరువు, ఇదెంత బరువు? లోపల మా అత్తగారున్నారు," అంది.

సాత్విక్ తలపాగా విప్పి మెడలో వేసుకున్నాడు. "సరేనండీ. మరేం చేద్దామంటారు?"

"పక్కన ట్రాక్టరు పట్టేంత దారి ఉంది. ఒక్కోవైపు నుంచి ఒక్కోసారి వదుల్దాం. మా ఆయన ముందు నిలబడతారు. వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడండి."

కాసేపట్లోనే చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి కారవాన్‌ని రాసుకున్నంత దగ్గరగా దాటుకుంటూ పోయాయి. చెరుకు ఆకులు అద్దాలని తుడుస్తూ పోయాయి. కనకలక్ష్మి మంచం మీంచే ఒక చెరుకుగడ అందుకుంది.

అప్పుడే బీమావాళ్ళు పంపిన బండి వచ్చింది. కార్లు ఎక్కించుకుపోయే చిన్న లారీ. డ్రైవరు దిగి, కారవాన్‌ని ఆ చివర్నుంచి ఈ చివరదాకా చూసి, "నాకు కారని చెప్పారు మేడమ్," అన్నాడు దిగులుగా.

"నీ తప్పేం లేదులే నాయనా. మీ బండి మీద పసుపు లైటు తిరుగుతోంది కదా, క్రేనొచ్చేదాకా వెనక మలుపు దగ్గర నిలబెడతావా? దూరం నుంచే కనపడుద్ది."

అతను సంతోషంగా వెళ్ళి నిలబెట్టాడు.

బండి లోపల్నుంచి కనకలక్ష్మి గొంతు వినిపించింది. "ఏమే ఛాయా, సాయంత్రం పాట నాది. నన్నిక్కడే పాడమంటావా?"

సుబ్బరత్నం కొడుకు కిరీటికి చిన్న వ్యాను ఉంది. దారిలో ఏమైనా అయితే అతను రావాలని ముందే మాట్లాడుకున్నారు. కానీ కిరీటి మైకు సెట్టు కోసం బందరు వెళ్ళాడట, వచ్చేసరికి ఆలస్యమవుద్దని ఫోన్లో మొత్తుకున్నాడు. ఛాయాదేవి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా సాత్విక్ ఖాళీ ట్రక్కు ఉంది.

"బాబూ, సుబ్బరత్నంగారి ఇల్లు తెలుసా?"

"రత్నమ్మగారా? మా చెల్లెలికి కోలాటం నేర్పేది ఆవిడేనండీ!" అన్నాడతను. విషయం విన్నాక ఒక్క పరుగున వెళ్ళి ట్రక్కు నిండా చెరుకు ఆకు పరిచాడు. నలుగురు పిడులు పట్టుకుని మంచాన్ని వెనక తలుపులోంచి బయటికి తీసి, ఆ మెత్తటి ఆకు మీద పెట్టారు. ఛాయాదేవి బెల్టులతో మంచాన్ని ట్రక్కు కొక్కేలకి బిగించి, తనే ఊపి చూసింది. కదల్లేదు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"పల్లకీలో కూడా ఇంత సుఖం ఉండదే. నా గొడుగేది?"

జయకృష్ణ తల్లి పక్కన కూర్చుని గొడుగు పట్టాడు. సాత్విక్ గుంట చూసి పక్కకి, రాయి చూసి పక్కకి, నడిచే మనిషి కంటే నెమ్మదిగా తోలాడు. ఎదురొచ్చిన ట్రాక్టర్లవాళ్ళు ఇంజన్లు తగ్గించి దారిచ్చారు. చెరుకుగడ చేత్తో పట్టుకుని ఊరేగింపు దేవతలా సాగిపోతున్న అత్తగారిని మలుపు తిరిగేదాకా చూసి, ఛాయాదేవి పైటకొంగు బిగించి బండి కిందికి దూరింది.

తెరేసమ్మ క్రేను వచ్చేసరికి షాఫ్ట్ రోడ్డు పక్కన గుడ్డ మీద పడుకోబెట్టి ఉంది. బోల్టులు డబ్బాలో ఉన్నాయి. ముందుజాగ్రత్తగా కొని ఉంచిన కొత్త క్లచ్ ప్లేటు బండిలోంచి తీసి సిద్ధంగా పెట్టింది.

"నాకేం పని మిగిల్చారండీ?" అంది తెరేసమ్మ దిగుతూనే. వెంట మెకానిక్ ఏడుకొండల్ని తెచ్చింది. "వెనక్కి తిప్పి ఆటోనగర్ పోదామా?"

"వద్దండీ. మా చిన్నత్తయ్యగారి ఊరికి. మిగతాది అక్కడే చేసుకుందాం."

తెరేసమ్మ ఆమె గ్రీజు చేతుల వైపు, పొద్దు వైపు చూసి తలూపింది. హుక్కు తగిలింది. ముందు చక్రాలు సరిగ్గా అనుకున్నంతే లేచాయి. ఛాయాదేవి దిమ్మలు తీసి, బ్రేకు వదిలి, క్రేను కేబిన్లో తెరేసమ్మ పక్కన ఎక్కి కూర్చుంది. అంత ఇల్లూ బుద్ధిగా వెనకాల కదిలింది.

ఊరి ముందు కాలువ మీద వంతెన దగ్గర క్రేను ఆగింది. పాతకాలపు గూని వంతెన, నడుమ మిట్టగా లేచి ఉంది. క్రేను దిగువకి దిగేసరికి కారవాన్ వెనక భాగం ఆ మిట్టకి తగులుతుంది. తగిలిందంటే నీళ్ళ పైపులూ డీజిలు ట్యాంకూ దెబ్బతింటాయి.

తెరేసమ్మ దిగి చూసి పెదవి విరిచింది. "ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆపుదామా?"

"ముందు భాగం ఇంకొంచెం దింపితే?"

"దింపితే ముందు చక్రాలు నేలకి తగులుతాయి."

"వెనక చక్రాల కింద ఎత్తు పెడితే?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికే ఊరు ఊరంతా వంతెన అవతల నిలబడి ఉంది. కోలాటానికి పావడాలు కట్టుకున్న పిల్లలు, కర్రలు చేతుల్లోనే ఉన్నాయి. ఛాయాదేవి కేకేసి అడిగింది. ఎవరో పశువుల పాకలోంచి బల్లచెక్కలు మోసుకొచ్చారు, ఇంకెవరో పాత తలుపు ఊడదీసుకొచ్చారు. వంతెన దిగే చోట చెక్కలు వరసగా పరిచారు. ఛాయాదేవి రోడ్డు మీద బోర్లా పడుకుని బండి అడుగుభాగం చూస్తూ చెయ్యెత్తింది.

"రానివ్వండి... రానివ్వండి... ఆగండి! దించండి కొంచెం. చాలు. రానివ్వండి!"

చెక్కలు కిర్రుమన్నాయి. ఇనుము రాతికి తగలబోయి, అరచెయ్యి మందాన తప్పుకుంది. వెనక చక్రాలు చెక్కల మీంచి దొర్లి రోడ్డు మీదికి వచ్చాయి. పిల్లలు కోలాటం కర్రలు టకటకా కొట్టి కేకలు పెట్టారు. తెరేసమ్మ హారన్ మోగించి వదల్లేదు. ఛాయాదేవి అక్కడే కూర్చుండిపోయి, దుమ్ముకొట్టుకున్న మోకాళ్ళ మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో కన్నీళ్ళు కూడా వచ్చాయి. తుడుచుకుంటే ముఖమంతా నల్లబడింది.

సుబ్బరత్నం ఇంటి ముందు కళ్ళాపి చల్లిన పెద్ద వాకిట్లో అరుగు మీద మంచం వేసి ఉంది. కనకలక్ష్మి అలసిపోయినట్టే లేదు, చెల్లెలి చెయ్యి వదల్లేదు. కిరీటి మైకు తెచ్చాడు. అయితే పొద్దువాలుతుండగా ఊళ్ళో కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిందట, రేపటిదాకా రాదట.

"మైకు లేకపోతే నా పాట రెండో వరస పిల్లలకి కూడా వినపడదర్రా," అంది కనకలక్ష్మి.

"కరెంటు నేను తెచ్చాను అత్తయ్యా," అంది ఛాయాదేవి.

కారవాన్ పైకప్పు మీద సోలారు పలకలున్నాయి, లోపల బ్యాటరీలు పొద్దుట్నుంచీ ఎండకి నిండుగా ఉన్నాయి. ఏడుకొండలు తీగ లాగాడు. మైకు గరగరలాడింది, ఆ తర్వాత బండి బయటి దీపాలు వెలిగి వాకిలంతా వెలుగు తెల్లగా పరుచుకుంది. ఆ వెలుగులో జయకృష్ణ భార్య వైపు చూశాడు. "ఆ రోజు ఆటోనగర్లో లాగించొద్దన్నాను కదా," అన్నాడు. "ఇంకోసారి ఎప్పుడైనా వద్దంటే, విన్నట్టు నటించి నీ పని నువ్వు చేసెయ్యి."

"అలాగేనండీ," అంది ఆమె నవ్వుతూ.

కనకలక్ష్మి పడుకునే మైకు దగ్గరికి తీసుకుంది. మొదటి చరణం సన్నగా, ఎక్కడో తెగిపోతుందేమో అన్నట్టు వచ్చింది. పిల్లలు కర్రలు ఎత్తి ఆగారు. రెండో చరణానికి గొంతు పాత దారి పట్టుకుంది. పిల్లల కర్రలన్నీ ఒక్కసారిగా టక్కున కలిశాయి. వలయం తిరిగింది, విడిపోయింది, మళ్ళీ జడ అల్లినట్టు అల్లుకుంది. తాళం జోరందుకునే కొద్దీ ఆవిడ కూడా జోరు పెంచింది. వంతెన దగ్గర చెక్కలు మోసినవాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు, పసుపు లైటు బండి డ్రైవరు, అందరూ వాకిలి చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. తెరేసమ్మ క్రేను మెట్టు మీద కూర్చుని పాదంతో తాళం వేసింది.

పాట ముగిసేసరికి కనకలక్ష్మి ఆయాసపడుతోంది, కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. "ఇంకొకటి," అంది.

"ఆగక్కా, ఇందాకట్నుంచీ ఒక మనిషి దూరంగా నిలబడింది," అంటూ సుబ్బరత్నం వచ్చి ఛాయాదేవి చెయ్యి పట్టుకుంది.

"చేతులకి గ్రీజుంది చిన్నత్తయ్యా!"

"ఉండనీ," అని రెండు కర్రలు ఆ నల్లటి చేతుల్లో పెట్టి వలయంలోకి లాగింది. ఛాయాదేవికి అడుగులు రావు. మొదటి చుట్టులో తప్పింది, రెండో చుట్టులో ఎదురుగా వచ్చిన పాప కర్రకి తన కర్ర తాకింది. మూడో చుట్టులో తప్పలేదు. అరుగు మీంచి అత్తగారి పాట ఇంకా పెద్దగా లేచింది.